సిమెంట్ లేని కాలంలో కట్టిన ఇటుక, రాతి వంతెనలు ఇన్నేళ్లు ఎలా నిలబడ్డాయి?

ఈ ప్రశ్న చూడగానే నాకు హైదరాబాద్‌లో మూసీ నది మీదున్న పాత రాతి వంతెన పురానాపూల్ గుర్తొచ్చింది. మా తాత తాపీ మేస్త్రీ. నాకు పదేళ్లప్పుడు నన్ను అక్కడికి తీసుకెళ్లాడు.

అప్పటికే దాని మీద కూరగాయలు అమ్ముతున్నారు. కొత్తిమీర కట్టలు దాటుకుంటూ వెళ్లి, తాత పిట్టగోడ దగ్గర ఆగి రాళ్ల సందులోని సున్నాన్ని గోటితో గీకాడు. పొడి కూడా రాలలేదు. "గానుగల నూరిన డంగు సున్నం బిడ్డా, ఏండ్లు గడిస్తె రాయైతది" అన్నాడు. తర్వాత పక్కనున్న కొత్త వంతెన ఎక్కించి, లారీ పోతుంటే కాళ్ల కింద అదురు చూపించాడు. పాతదాని మీద ఆ అదురే లేదు.

అసలు బలం కమానుది, అంటే కింద విల్లులా వంగిన కట్టుబడిది. పైన బరువు పడేకొద్దీ రాళ్లు ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకుంటాయి. రాయైనా ఇటుకైనా నొక్కుడుకు ఎంతో ఓర్చుకుంటుంది, లాగితేనే విరుగుతుంది. పురానాపూల్‌కు అలాంటి కమాన్లు 22. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసినప్పుడు మిగతా మూడు వంతెనలూ దెబ్బతిన్నాయి. నదికి అటూ ఇటూ ఉన్న జనానికి ఇదొక్కటే దారిగా మిగిలింది.

ప్రియురాలు భాగమతి కోసం కొడుకు మహమ్మద్ కులీ నది దాటుతున్నాడని తండ్రి, గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా దీన్ని కట్టించాడంటారు. నేను ఒప్పుకోను. కట్టింది 1578లో, అప్పటికి ఆ కొడుక్కి పదమూడేళ్లు! గోల్కొండ, దాని దగ్గరి వర్తకుల పేట కార్వాన్‌ల వ్యాపారం కోసం కట్టారు. ఆ ప్రేమకథ చెప్పేవాళ్లు కట్టిన మేస్త్రీల గురించి ఒక్క మాట కూడా చెప్పరు, నా బాధ అదే.

ఇంకో మాట. పాత కట్టడాలకు దయచేసి సిమెంట్ పూయకండి. మా ఊరి ఇంటి సున్నపు గోడకు ఒక కాంట్రాక్టరు సిమెంట్ పూస్తే, లోపలి తేమకు దారి లేక రెండు వానాకాలాల్లోనే ఉబ్బి పెచ్చులూడింది.

నిరుడు మళ్లీ పురానాపూల్ వెళ్లాను. పిట్టగోడ సందులో జానెడు రావి మొక్క మొలిచింది. పట్టి లాగితే కాండం చేతికొచ్చింది, వేరు లోపలే ఉండిపోయింది.