ఇంట్లో గలగల, బడిలో మౌనం

ప్రశ్న: మా పాపకు అయిదేళ్లు. ఇంట్లో నోరు మూయదు. అక్కతో పోట్లాడుతుంది, బొమ్మలను వరుసగా కూర్చోబెట్టి పాఠాలు చెబుతుంది. బడిలో చేరి ఎనిమిది నెలలైనా అక్కడ ఒక్క మాట మాట్లాడలేదు. మరుగుదొడ్డికి వెళ్లాలని కూడా అడగదు. సాయంత్రం దాకా బిగబట్టుకుని ఇంటికి పరుగెత్తుకొస్తుంది. టీచరు ఆటిజం కావచ్చంటున్నారు. మా అత్తగారేమో సిగ్గు, అదే పోతుందంటారు. డాక్టరు ముందు కొయ్యబారి నిలబడితే, ‘మొండితనం, కాస్త గట్టిగా ఉండండి’ అన్నారాయన. నోరే విప్పని పిల్లకు పరీక్ష ఎలా చేస్తారు? చేయిస్తే ఆ ముద్ర జీవితాంతం ఉండిపోతుందా? మందులు వాడాల్సి వస్తుందా?
– ఒక తల్లి

జవాబు: గట్టిగా ఉండమన్న సలహాను ముందు పక్కన పెట్టండి. ఉత్తరం చదివి నిర్ధారణ చేయకూడదు గానీ, మీరు రాసింది చూస్తే నాకు సెలెక్టివ్ మ్యూటిజం అనుమానం వస్తోంది. ఇంట్లో ధారాళంగా మాట్లాడే పిల్లలకు కొన్ని చోట్ల భయంతో గొంతు పెగలదు. 1877లో దీని గురించి రాసిన జర్మన్ వైద్యుడు కుస్‌మౌల్, పిల్లలు కావాలనే మాట్లాడరనుకున్నాడు. అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని ఆందోళన రుగ్మతల్లో చేర్చేసరికి 2013 వచ్చింది. మీ డాక్టరుగారికి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

ఈ నిర్ధారణకు మౌనం కనీసం నెల రోజులు సాగాలి. బడిలో చేరిన మొదటి నెలను లెక్కలోకి తీసుకోరు. బడిలో వాడే భాష పాపకు కొత్తదైతే ఆ సంగతి తప్పక చెప్పండి, అప్పుడు అంచనా మారవచ్చు.

పరీక్షకు పాప మాట్లాడాల్సిన పని లేదు. బొమ్మలకు పాఠాలు చెప్పేటప్పుడు రెండు మూడు నిమిషాలు ఫోనులో వీడియో తీయండి, తను గమనించకుండా. వాక్యాలు ఎలా కడుతోంది, టీచరమ్మను ఎలా అనుకరిస్తోంది, అక్క పిలిస్తే ముఖం చూసి బదులిస్తోందా, అన్నీ అందులో తెలిసిపోతాయి. ఆటిజంలో ఇతరులతో కలవడంలోని ఇబ్బంది ఇంట్లోనూ ఏదో రూపంలో కనిపిస్తుంది. రెండూ కలిసి ఉండే పిల్లలూ ఉంటారు కాబట్టి టీచరుగారి అనుమానాన్ని కొట్టిపారేయను, దాన్నీ చూడమని అడగండి. వినికిడి పరీక్ష కూడా చేయించండి. శబ్దం వినపడినప్పుడల్లా ఒక బిళ్లను డబ్బాలో వేయమంటారు, అంతే. భాష ఎంత అర్థమవుతుందో కూడా బొమ్మలు వేలితో చూపించమని తేల్చుకోవచ్చు.

పిల్లల మానసిక వైద్యులనో, పిల్లలతో పనిచేసే క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. మొదటిసారి మీరు దంపతులిద్దరే వెళ్లండి. ‘మా అమ్మాయి మాట్లాడదండీ’ అని పాప ఎదుటే చెబితే గుబులు ఇంకా పెరుగుతుంది.

ముద్ర గురించి భయపడుతున్నారు. ఇప్పటికే మీ పాప మీద సిగ్గరి, మొండిది, ఆటిజం పిల్ల అని మూడు పడ్డాయి, ఒక్కటీ పరీక్షించి వేసింది కాదు. ఆలస్యం చేస్తే మౌనం అలవాటై వదిలించడం కష్టమవుతుంది. నాకు అసలు భయం అదే.

మరుగుదొడ్డి సంగతి డాక్టరు అపాయింట్‌మెంటు దాకా ఆగకూడదు. బిగబట్టే పిల్లలకు మూత్రంలో ఇన్‌ఫెక్షను, మలబద్ధకం వస్తాయి. బల్ల మీద ఒక రంగు కార్డు పెట్టి, చూపిస్తే చాలు పంపించేలా రేపే టీచరుతో మాట్లాడుకోండి.

ఈ వయసులో మందులు మొదటి దారి కాదు. మాట అలవాటు చేసే చికిత్స ఇలా సాగుతుంది: బడి వదిలాక ఖాళీ తరగతిలో మీరూ పాపా ఆడుకుంటారు. పాప గొంతు వినిపించాక టీచరు మొదట గుమ్మం దగ్గర, కొన్నాళ్లకు గదిలో ఒక మూల, ఆ తర్వాత ఆటలో చేరతారు. ఎప్పుడు ఎంత దగ్గరికి రావాలో సైకాలజిస్టు చెబుతారు. పాప మొదటి మాట మాట్లాడిన రోజు పిల్లలందరితో చప్పట్లు కొట్టించవద్దని టీచరుకు ముందే చెప్పి ఉంచండి. తరగతి మొత్తం ఒక్కసారిగా తనవైపు తిరిగితే మళ్లీ నోరు మూతపడుతుంది.