రేషన్ కార్డు కవరు

బరంపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. 11 పేజీల్లో మూడో పేజీ మాత్రం నాలుగుసార్లు చదివాను. భర్త ఆస్పత్రి కాగితాన్ని రేషన్ కార్డు కవరులో దాస్తాడు. కార్డు కోసం చెయ్యి పెట్టిన భార్యకు అది తగులుతుంది. చదివి, మడత చెదరకుండా మళ్ళీ అక్కడే పెట్టి, సంచీ పట్టుకుని బియ్యానికి వెళుతుంది. అక్కడ కాగితాలు పక్కన పడేసి వీధిలోకి వెళ్ళి నిలబడ్డాను.

తిరిగి వచ్చి నాలుగో పేజీ తిప్పితే, "వారిద్దరి మధ్య మౌనం హిమాలయంలా నిలిచింది" అని రాశావు. ఒళ్ళు మండింది. కొండే కావాలంటే మీ గజపతి జిల్లాలో మహేంద్రగిరి లేదూ? అసలు కొండెందుకు? మౌనం అనే మాట తొమ్మిది చోట్ల వాడావు, లెక్కపెట్టాను. అసలు సంగతి దాచుకున్న మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోరని నీకెవరు చెప్పారు? వాళ్ళంత వాగుడుకాయలు ఉండరు. గ్యాసు ఎప్పుడొస్తుంది, పెరట్లో మునక్కాయలు ఎవరు కోసుకుపోయారు, పాలవాడు నీళ్ళెంత కలుపుతున్నాడు... నోటికి తీరికిస్తే ఆ ఒక్క మాట ఎక్కడ జారిపోతుందోనని భయం.

మా ఇంటి సంగతే చెబుతాను. అప్పట్లో మేమూ మీ పర్లాకిమిడిలోనే ఉండేవాళ్ళం. నా మొదటి పుస్తకం అచ్చుకోసం, మా అత్తగారు కూతురికి పెట్టిన నాలుగు తులాల గొలుసు పెట్టెలోంచి తీసి తాకట్టు పెట్టాను. మా ఆవిడకు చెప్పలేదు. విడిపించనూ లేదు. 500 ప్రతులు నౌపడ నుంచి చిన్న రైల్లో వచ్చాయి. (2004లో ఆ చిన్న రైలు ఆగిపోయింది. తరువాత పెద్ద రైలు వేశారనుకో, కానీ దానికి ఆ నింపాదితనం లేదు.) 40 అమ్ముడుపోయాయి. మిగిలిన కట్టలు మంచం కిందికి చేరాయి. మా ఆవిడ పెళ్ళిళ్ళకు ఉత్త నల్లపూసలతో వచ్చేది. గొలుసేదని ఎవరైనా అడిగితే, "బరువండీ, మెడ లాగేస్తుంది" అనేది, నేను పక్కన ఉండగానే.

ఒక వానాకాలం కట్టలన్నీ బయటికి లాగి, ఒక్కొక్క పుస్తకం దులిపి, మధ్యమధ్య వేపాకు పెట్టి సర్దింది. "చెద పడుతోంది, ఇంకాస్త వేపాకు తెండి" అంది. తెచ్చాను. ఆ గొలుసు గురించి మేము మాట్లాడుకున్నది ఈనాటివరకు అంతే. ఎప్పుడైనా మాట అటు మళ్ళిందా, ఆవిడ ఒడియాలోకి దిగిపోయేది. "ఏమైంది?" అంటే "కిఛి నాహి" అనేది. ఏమీ లేదని తెలుగులో అంటే అబద్ధమైపోతుందనేమో.

ఇదే కథగా రాస్తే ఒక సంపాదకుడు ఆ ఒడియా మాట కొట్టేయమన్నాడు. చివర్లో భార్య భర్తను నిలదీయాలన్నాడు. కొట్టేశాను, నిలదీయించాను, బహుమతీ వచ్చింది. ఆ కథ ఈనాటికీ తిరగేయను. ఇప్పుడు పోటీలకు వచ్చే కథల్లో ప్రతి ఇల్లాలూ చివరి పేజీలో ఉపన్యాసం ఇస్తోంది. నీ ఆవిడా తక్కువ తినలేదు: "మీ అంతరంగం నాకు అగమ్యగోచరం" అట! రేషన్ బియ్యం మోసుకొచ్చిన మనిషి అనే మాటేనా అది? గిడుగు రామమూర్తి పంతులుగారు మీ ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటూనే వాడుక భాష కోసం పండితులతో తగువు పడ్డారు. 1936లో ఊరు ఒరిస్సాలో కలిస్తే రాజమండ్రి వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఆ వాడుక భాషను కూడా మూటగట్టుకుపోలేదు కదా!

ఏ పత్రికకు పంపాలి, పేరు మార్చాలా అని అడిగావు. అవి తరువాత చూద్దాం. నాలుగో పేజీ నుంచి చింపెయ్యి. ఆమె బియ్యం దించి మొదట ఏమంది? రాళ్ళున్నాయందా, కవరు చిరిగింది మార్చాలందా? అది రాసి పంపు.

నిన్న సాయంత్రం మా ఆవిడకు నీ మూడో పేజీ చదివి వినిపించాను. ఆమె కవరులో చెయ్యి పెట్టే చోటికి రాగానే మా ఆవిడ "పాలు పొంగుతున్నాయి" అంటూ లేచి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద పాలు లేవు.