మొనలు వందల్లో పెట్టినంత మాత్రాన ఏఎఫ్ఎం వేగం పెరగదు, ముందు చిప్ ఒరగకూడదు

ప్రశ్న: వోల్టేజ్ ఇస్తే కదిలే సన్నటి పీజోఎలక్ట్రిక్ పొరల మీద సూదిమొనలు నిలబెట్టి, అలాంటివి వందల్లో ఒకే చిప్ మీద పేరిస్తే ఏఎఫ్ఎం (సూదిమొనతో ఉపరితలాన్ని తడిమి బొమ్మ తీసే మైక్రోస్కోప్) స్కానింగ్ వందరెట్లు వేగంగా అవుతుందా?

కాగితం మీద అవుతుంది. ఇలాంటి చిప్‌లతోనే నాలుగేళ్ళు క్లీన్‌రూమ్‌లో గడిపాను కాబట్టి చెప్తున్నా, మొనలు ఎన్ని ఉన్నాయన్నది అసలు సమస్యే కాదు. అవన్నీ ఒకేసారి శాంపిల్‌కి తగలాలి. కష్టమంతా అక్కడే ఉంది.

మా మొదటి చిప్ అయిదు వరసలు, వరసకి అయిదు, మొత్తం 25 పొరలు. ఒక్కో పొర 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెడల్పు, దాని మీద ఒక మైక్రాన్ మందాన పీజడ్‌టీ అనే పీజోఎలక్ట్రిక్ పదార్థం, సరిగ్గా మధ్యలో ఒక మొన. పక్కపక్క మొనల మధ్య దూరం 250 మైక్రాన్లు, అంటే ఈ చివరి వరస నుంచి ఆ చివరి వరసకి ఒక్క మిల్లీమీటరు. గోరు మీద పెట్టుకుంటే నలుసంత, ఇంత చిన్నదానికి ఏం ఇబ్బంది వస్తుందిలే అనుకున్నాం.

మొదటిసారి పరీక్షించిన రాత్రి ప్రతి పొరనీ దాని రెజొనెన్స్ (అది అన్నిటికంటే ఎక్కువగా ఊగే ఫ్రీక్వెన్సీ) దగ్గర కంపింపజేసి, ఆ కదలిక ఎంతుందో స్క్రీన్ మీద 25 గీతలుగా పెట్టుకుని చిప్‌ని మెల్లగా దించడం మొదలుపెట్టాం. మొన తగిలితే ఆ గీత పడిపోవాలి. ఒక అంచున ఉన్న అయిదు గీతలు పడ్డాయి. మిగతా ఇరవై అలాగే నిలబడి ఉన్నాయి. ఇంకాస్త దించితే అవీ తగులుతాయి కదా అని దించాం, మళ్ళీ దించాం, రెండో వరసలో ఒకటి పడింది, అంతే. పొద్దున ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తే మొదటి వరస మొనలు అయిదూ నలిగి మొద్దుబారి ఉన్నాయి. మామూలు ఏఎఫ్ఎంలో మొనని మోసే, ఒక చివర మాత్రమే బిగించిన మెత్తటి పుల్ల, అంటే కాంటిలివర్ అయితే వంగి తప్పించుకునేది, పొర చుట్టూ బిగించి ఉంటుంది కాబట్టి అంతగా వంగదు, ఆ భారమంతా మొన మీదే పడుతుంది.

తర్వాత లెక్క వేసుకుంటే సిగ్గనిపించింది. చిప్ 0.1 డిగ్రీ ఒరిగితే చాలు, ఒక మిల్లీమీటరు దూరంలో 1.7 మైక్రాన్ల ఎత్తు తేడా వచ్చేస్తుంది. మా పొర పది వోల్టులకి కదిలేది 300 నానోమీటర్లు, అంటే 0.3 మైక్రాన్లు! ఎంత వోల్టేజ్ ఇచ్చినా ఆ చివరి వరస కిందికి అందదు.

మాది అనంతపురం వైపు, వేరుశనగ ఊరు. మా నాన్న గొర్రుతో విత్తనం వేసేటప్పుడు ఒకవైపు ఒరిగితే ఆ వైపు సాలు లోతుగా పడేది, రెండోవైపు పళ్ళు నేలని గీరుకుంటూ పోయేవి, అక్కడి గింజ పైపైనే ఉండి పిట్టలపాలయ్యేది. ఆయన వెనక్కి చూడకుండానే చేతికి తెలిసినట్టు ఒరిగిన వైపు సర్దేవాడు. మేం చివరికి చేసింది అదే పని. నాలుగు మూలల్లోని పొరల్లో మూడింటిని తగిలిందో లేదో చెప్పడానికే కేటాయించి, స్టేజ్ కింద మూడు మోటార్లు పెట్టి, ఏ మూల ముందు తగిలితే ఆ మూల కొంచెం ఎత్తుతూ వచ్చాం. 0.01 డిగ్రీకి తెచ్చాక తేడా 170 నానోమీటర్లు, ఇక ఒక్కో పొరకీ విడిగా డీసీ వోల్టేజ్ ఇచ్చి సర్దుకోవచ్చు. ఈ సర్దుబాటుకే నాలుగు రోజులు పట్టింది.

విడిగా అన్న మాట గట్టిగా చెప్పాలి. పొర రెజొనెన్స్ దాని వ్యాసార్థం వర్గానికి విలోమంగా మారుతుంది. వెనకవైపు నుంచి సిలికాన్ తొలిచేటప్పుడు 100 మైక్రాన్లు కావాల్సిన చోట 104 వచ్చిందనుకోండి, ఫ్రీక్వెన్సీ ఏడున్నర శాతం పడిపోతుంది. ఫిల్మ్‌లో మిగిలిన ఒత్తిడి దీనికి తోడు. మరి అన్నిటికీ ఒకే ఫ్రీక్వెన్సీ ఇచ్చి నడిపిస్తే సగం పొరలు నిద్రపోతాయి. విడిగా నడపాలంటే ఒక్కోదానికీ ఒక వైరు. 25కి సరే, జ్యూరిక్‌లో ఐబీఎం వాళ్ళు మిల్లిపీడ్ అనే డేటా నిల్వ పరికరంలో పెట్టినట్టు 32 వరసలు, వరసకి 32, మొత్తం 1024 మొనలైతే? వాళ్ళు వరసా నిలువూ ఎంచుకుని వంతులవారీగా నడిపారు, పైగా వాళ్ళవి వేడితో పనిచేసే కాంటిలివర్లు, పొరలు కావు. మన పొరల కింద నేరుగా సర్క్యూట్ ఉంటే బాగుండు, కానీ పీజడ్‌టీని 600, 700 డిగ్రీల్లో కాల్చాలి, మామూలు సీమాస్ (చిప్‌లలో ఎక్కువగా వాడే సర్క్యూట్ రకం) లోహపు తీగలు ఆ వేడికి తట్టుకోవు, పైగా అందులో సీసం ఉంటుంది కాబట్టి చాలా ఫ్యాబ్‌లు, అంటే చిప్ తయారీ కేంద్రాలు, గుమ్మం దాటనివ్వవు. అందుకే నా అభిప్రాయం, భవిష్యత్తు స్కాండియం కలిపిన అల్యూమినియం నైట్రైడ్‌దే, కదలిక తక్కువైనా సరే. పీజడ్‌టీ వాళ్ళు దీనికి ఒప్పుకోరు, నాకు తెలుసు.

పొరల వల్ల ఉన్న అసలైన లాభాన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. నీళ్ళలో, అంటే బతికున్న కణాల మీద పనిచేసేటప్పుడు, కాంటిలివర్‌కి రెండు వైపులా నీళ్ళే, దాని ఊపంతా అందులోనే పోతుంది. పొరకి వెనక గాలి మూసి ఉంచవచ్చు, ఒక్క ముఖమే తడుస్తుంది. నేను ఈ పని మొదలుపెట్టిందే అందుకోసం, వేగం కోసం కాదు.

ఇంకో బాధ కూడా చెప్పేస్తా. పరిశోధన పేపర్ శీర్షికలో ‘అర్రే’ (వరసలుగా పేర్చిన గుంపు) అని ఉంటుంది, లోపల గ్రాఫ్ చూస్తే ఒక్క పొరది, అదీ అన్నిట్లోకీ బాగా వచ్చినది. మిగతావి ఏమయ్యాయి? మా గ్రూప్ మొదటి డ్రాఫ్ట్ కూడా అలాగే రాసుకున్నాం, నేనే గొడవపడి 25 గ్రాఫులూ పెట్టించాను. రెండో చిప్‌లో రెండు పొరలు తొలిచేటప్పుడే పగిలిపోయాయి, మిగిలిన 23లో 19 మొనలు ఒకేసారి తగిలి 19 బొమ్మలు ఇచ్చాయి. మిగతా నాలుగూ ఒకే నిలువు వరసలోవి, ఆ వైపు చిప్‌ని బయటి సర్క్యూట్‌కి కలిపే వైర్ బాండ్ ఊడిపోయిందని వారం తర్వాత తెలిసింది.