అరవై నాణేల నుంచి ఆరువందలకు, మళ్ళీ అరవైకి

ప్రశ్న: సార్, గ్రీసు కొండల్లో ఓ స్లావు తెగ వందల ఏళ్ళు ఎవరికీ లొంగకుండా బతికిందట. వాళ్ళూ మన సీమ పాలెగాళ్ళలాంటి వాళ్ళేనా?
— ఎం.ఏ. విద్యార్థి, ఆదోని, కర్నూలు జిల్లా

జవాబు: మీరు అడిగింది మెలింగుల గురించి. దక్షిణ గ్రీసులోని పెలొపొన్నీస్‌లో టైగెటోస్ కొండలున్నాయి, ఎత్తు 2,400 మీటర్ల పైమాటే, పాత స్పార్టా వాటి కిందే ఉండేది. ఆగ్నేయ ఐరోపాలోని బాల్కన్లలోకి దిగిన స్లావుల్లో, అంటే స్లావు భాషలు మాట్లాడే జనంలో, ఓ గుంపు అక్కడ కాపురం పెట్టింది. పక్కనే ఎజెరీతులని ఇంకో తెగ.

ఎవరికీ లొంగలేదనడం మాత్రం కాస్త ఎక్కువే. కప్పం కట్టారు, గొడవంతా ఎంత కట్టాలన్న దగ్గరే. పదో శతాబ్దపు బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) చక్రవర్తి ఏడో కాన్‌స్టంటైన్ తన కొడుకు కోసం కూర్చిన గ్రంథంలో ఆ లెక్క ఉంది: మెలింగులది 60 బంగారు నాణేలు, ఎజెరీతులది 300. 920ల ప్రాంతంలో వీళ్ళు అడ్డం తిరిగారు, మీరు పెట్టిన పెద్ద మాకొద్దు, సైన్యంలోకి రాము, పన్నూ కట్టం అని. క్రినీతీస్ అనే సేనాని మార్చిలో కొండెక్కి పైర్లు తగలబెట్టాడు, నవంబరు దాకా వదల్లేదు. చివరికి కాళ్ళబేరానికొస్తే ఒక్కో తెగకు 600 వేశాడు, మెలింగులకు ఏకంగా పదింతలు!

అసలు తమాషా ఆ తర్వాతే. కొత్త సేనాని హయాంలో అధికారులు వాళ్ళలో వాళ్ళే కొట్టుకుంటుంటే, బయటి నుంచి ఇంకో స్లావు దండు వచ్చి పడింది. ఇదే అదనని మన కొండవాళ్ళు అప్పటి చక్రవర్తికి అర్జీ పెట్టుకున్నారు, వీళ్ళెక్కడ ఆ దండుతో కలిసిపోతారోనని ఆయన బంగారు ముద్ర వేసి మరీ పాత 60, 300లే ఖాయం చేశాడు.

1204లో క్రూసేడు సైన్యాలు బైజాంటియం రాజధానిని పట్టుకున్నాక ఫ్రాంకులొచ్చారు, అంటే పశ్చిమ ఐరోపా యోధులు. వాళ్ళ ప్రభువు విలియం 1249లో మిస్ట్రాస్ కోట కట్టి, చుట్టూ ఇంకొన్ని కోటలు లేపి ఊపిరాడనివ్వలేదు. అప్పుడూ ఒప్పందమే: మైదానపు రైతుల్లా వెట్టి చేయం, కావాలంటే యుద్ధానికి వస్తాం.

పాలెగాళ్ళతో పోలిక ఈ బేరం వరకే సరిపోతుంది. పాలెగాడంటే పాలెం మీద అధికారమున్న దొర, మెలింగులు ఊళ్ళకు ఊళ్ళుగా బతికిన తెగ. కంపెనీ కలెక్టరు మన్రో కొందరు పాలెగాళ్ళకు పింఛనిచ్చి ఇంట్లో కూర్చోబెట్టినట్టు ఒక్క మనిషితో తేల్చుకునే వ్యవహారం కాదది. పోనుపోను మెలింగులు క్రైస్తవులై, గ్రీకు నేర్చి, చుట్టుపక్కల జనంలో కలిసిపోయారు. 1330లలో ఆ కొండల దక్షిణపు కొసనున్న మానీ ప్రాంతపు ఓ చర్చిలో మెలింగుల నాయకుడి పేరు రాశారు, అదీ గ్రీకులోనే.