మిథిలీన్ బ్లూ రంగు పోయింది సరే, పోగొట్టింది ఎవరు?

మెలమిన్‌తో కార్బన్ నైట్రైడ్ (వెలుగు తగిలితే నీటిలోని మలినాలను విరగ్గొట్టే పసుపు పొడి) తయారుచేశాను, తెల్లని ఎల్‌ఈడీ వెలుగులో రెండు గంటల్లో నీటిలో కలిపిన మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు 90 శాతం పోయింది, ఇంకా మెరుగుపరచాలంటే ఏ లోహం కలపాలి అని అడిగారు. లోహం సంగతి తరువాత. ముందు ఆ 90 శాతంలో మీ ఉత్ప్రేరకం వాటా ఎంతో తేల్చుకోండి.

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేనూ ఇదే చేశాను. మూత పెట్టిన క్రూసిబుల్‌లో మెలమిన్ పోసి, 550 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు. అమ్మోనియా ఘాటుకు గదిలో నిలబడలేకపోయేవాళ్లం. చల్లారాక పసుపు పచ్చని పెళ్ల. దాన్ని కల్వంలో నూరి నీలి ద్రావణంలో వేసి దీపం వెలిగిస్తే సాయంత్రానికి బీకరులో నీళ్లు తేటపడ్డాయి. పరుగున వెళ్లి చూపిస్తే మా గైడుగారు అడిగినవి రెండే ప్రశ్నలు: చీకట్లో ఎంత తగ్గింది, పొడి వేయకుండా వెలుగులో ఎంత తగ్గింది? రెండూ నేను కొలవలేదు.

కొలిచాక ముఖం వాడిపోయింది. కొంత రంగు పొడికి అంటుకునే పోతోంది. ఇంకొంత రంగు తనంతట తానే చెడుతోంది. మిథిలీన్ బ్లూ 664 నానోమీటర్ల దగ్గర వెలుగును గట్టిగా పీల్చుకుంటుంది, కార్బన్ నైట్రైడ్‌కు 460 దాటితే దాదాపు ఏమీ అందదు. అంటే తెల్లని దీపం కింద రంగుకే మేత ఎక్కువ! మరోసారి నత్రజని పంపి గాలిని తరిమేసి, ఎలక్ట్రాన్లు అందించే ట్రైఇథనోలమైన్ కలిపి చేశాను. రంగు చక్కగా పోయింది. సీసా బిరడా తీసి ఊపితే మళ్లీ నీలం! అణువు విరగనే లేదు, ఎలక్ట్రాన్లు తీసుకుని రంగులేని రూపంలోకి మారిందంతే. అప్పటి నుంచి రంగులేని ఫినాల్‌తోనే పరీక్షిస్తున్నాను, వీలైతే నీటిలో మిగిలిన మొత్తం సేంద్రియ కార్బన్ కూడా కొలిపిస్తాను.

ఇక మెరుగుపరచడం. వెలుగు తగిలి విడివడిన ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) పొడి ఉపరితలానికి చేరేలోపే మళ్లీ కలిసిపోవడం ఈ పదార్థానికి పెద్ద జబ్బు. ఉపరితలం తక్కువ కావడం రెండోది. నాకు బాగా పనికొచ్చిన చిట్కా ఖర్చులేనిది: నూరిన పొడిని వెడల్పు పింగాణీ పాత్రలో పలుచగా పరిచి, మూత లేకుండా 500 డిగ్రీల దగ్గర మరోసారి వేడిచేయడం. పొరలు విడిపోయి దూదిలా తేలికపడుతుంది, పసుపు కాస్త పాలిపోతుంది. చాలా బరువు ఆవిరైపోతుంది కాబట్టి ఎక్కువే పెట్టుకోండి. మెలమిన్‌కు బదులు యూరియా వాడినా పొడి గుల్లగానే వస్తుంది, కానీ దక్కేది చారెడు.

నీటిలోకి గాలి బుడగలు పంపడం ఆపకండి. కార్బన్ నైట్రైడ్‌లోని హోల్‌కు నీటి నుంచి నేరుగా హైడ్రాక్సిల్ రాడికల్ (మలినాలను విరగ్గొట్టే చురుకైన ముక్క) పుట్టించేంత శక్తి లేదు. పని ఎక్కువగా ఎలక్ట్రాన్ ఆక్సిజన్‌ను పట్టుకోవడం వల్లే జరుగుతుంది. ఇదే దారిలో కాస్త ఆల్కహాల్ ఉంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారవుతుంది. రసాయనాల తయారీ మీద మనసుంటే అటు చూడండి.

లోహం విషయానికి వస్తే, నీటి నుంచి హైడ్రోజన్ తీయడం కోసమైతే ప్లాటినం అర్థవంతమే. శుభ్రం చేయాల్సిన నీటిలోకి వెండో రాగో ఊరితే మాత్రం మీరే కొత్త కాలుష్యం కలిపినట్లు.

స్వేదనజలంలో వచ్చిన ఫలితాన్ని బోరు నీళ్లలో ఆశించకండి. బైకార్బొనేట్లు రాడికల్స్‌ను మింగేస్తాయి. ఒకసారి అద్దకం నీళ్లు తెచ్చి చూస్తే ఆ చిక్కని రంగులో వెలుగు వేలెడు లోతు కూడా దిగలేదు.

ముందు అరగంట చీకట్లో కలియబెట్టి తీసిన రీడింగు, పొడి లేని రీడింగు, దీపం తరంగదైర్ఘ్యం ఇక్కడ పెట్టండి. ఏ లోహం కావాలో, అసలు కావాలో వద్దో అప్పుడు చెప్పగలను.