కాంటా గదిలో ట్యాలీ ఆగినప్పుడు: మా చెల్లె బిడ్డకు

బిడ్డా,

మిర్యాలగూడలో రైస్ మిల్లుల కంప్యూటర్లు చూసే పని ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. చెప్పడం కాదు, ఏడ్చినంత పని చేసింది. "అక్కా, నువ్వన్నా చెప్పు, ఆ ఊకలో తౌడులో నిచ్చెనలెక్కి వైర్లు లాగుడేంది ఆడపిల్ల" అని. నేను చెప్పనన్నాను. ఆ మిల్లుల్లోనే లెక్కలు రాసి బతికినదాన్ని, నిన్ను ఏ మొహం పెట్టుకుని వద్దంటాను? పైగా లోపల గర్వంగానే ఉంది. కానీ ఫోన్ పెట్టేసినంక నాకూ నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పంపితే నువ్వు చదవవు, అందుకే అంతా ఒక్కసారే రాస్తున్నా.

ముందు కరెంటు. నెట్‌వర్క్ సంగతి చెప్పకుండా ఈమె కరెంటు అంటదేంది అనుకోకు. ఐపీ అడ్రస్, అదే నెట్‌వర్క్‌లో కంప్యూటర్ నంబరు, తప్పు కొడితే ఎవరి ప్రాణం పోదు. కరెంటు దగ్గర, తిరిగే మిషన్ల దగ్గర పోతుంది. బెల్టులు, ఎలివేటర్లు తిరిగే దగ్గర చున్నీ గాలికి వదలకు. అక్కడ కేబుల్ లాగాల్సి వస్తే మిల్లు ఆపించు. సేటు లొల్లి చేస్తాడు, చేయనీ, ఆపినంకనే నిచ్చెనెక్కు. కాంటా గది గేటు దగ్గర, ఆఫీసు లోపల, నడుమ ఆరుబయట రాగి కేబుల్ వేలాడుతూ ఉంటుంది చూడు, నాకు దాని మీదే భయం. ఎండాకాలం చివర మన దిక్కు గాలిదుమారం, ఉరుములు ఎట్లుంటాయో నీకు తెలుసు. పిడుగు ఆ తీగ మీద పడక్కర్లేదు, దగ్గర్లో పడినా దాని వెంట వచ్చి రెండు వైపులా నెట్‌వర్క్ స్విచ్చులు (లైటు స్విచ్చులు కాదు, కంప్యూటర్ల కేబుళ్లన్నీ గుచ్చే డబ్బాలు), కంప్యూటర్ల పోర్టులు కాల్చేస్తుంది. రెండు కట్టడాల ఎర్తింగ్ వేరైనా తిప్పలే. ఫైబర్ వేయించు, లోపల ఇనుప తీగ లేనిది అడిగి మరీ తీసుకో. ఎట్లాగూ 100 మీటర్లు దాటితే రాగి కేబుల్‌ను నమ్మలేం. ఉరుముతుంటే మాత్రం, ఎవరు ఎంత అరిచినా, ఆ కేబుల్ ముట్టుకోకు.

ఇక మామూలు సంగతులు నీకు కాలేజీలోనే చెప్పి ఉంటారు. ఒక్క కంప్యూటర్ ఆగిందా, అన్నీ ఆగాయా అని మొదట అడుగు. కేబుల్ బిగించి చూడు, స్విచ్ మీద లైట్ చూడు, సర్వర్‌కు, అదే డేటా ఉన్న కంప్యూటర్‌కు, పింగ్ కొట్టి అది పలుకుతుందో లేదో చూడు. అడ్రస్ 169.254తో మొదలైతే దానికి రౌటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. నంబరుతో పింగ్ వెళ్లి పేరుతో వెళ్లకపోతే తంటా పేరు దగ్గరుంది, కేబుల్ దగ్గర కాదు.

కానీ వాళ్లు "నెట్ పోయింది" అంటే నమ్మకు. మిల్లులో ఏది ఆగినా నెట్ పోయిందనే అంటారు. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ, దాని డేటా ఆఫీసులోని కంప్యూటర్‌లోనే ఉంటే ఇంటర్నెట్ లేకున్నా ఎంట్రీలు పడతాయి. సరుకు లారీలో పంపడానికి కావాల్సిన ఈ-వే బిల్లు తీయలేరు, అంతే. అది తెలియక ఎవరో ఒకరు పోయి రౌటర్ ఆపి వేస్తారు, లైన్లన్నీ ఆ రౌటర్‌కే గుచ్చి ఉంటాయి, బాగా నడుస్తున్న ట్యాలీ కూడా అన్ని దగ్గర్లా పడిపోతుంది. ఇంకో తమాషా, సేటు కొడుకు ఫోన్‌కు వైఫై కావాలని ఇంట్లో పాత రౌటర్ తెచ్చి స్విచ్‌కు గుచ్చుతాడు. అదీ అడ్రస్‌లు పంచడం మొదలుపెడుతుంది. సగం కంప్యూటర్లు 192.168.1లో, సగం 192.168.0లో ఉంటే ఇంకేం వెతకకు, ఆ రౌటర్ ఏ బల్ల కింద ఉందో వెతుకు.

కాంటా కంప్యూటర్‌లో ట్యాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి, అదే లైసెన్స్ దొరకనప్పుడు నడిచే సగం పని మోడ్‌లోకి, పోయిందని ఫోన్ వస్తే లైసెన్స్ అయిపోయిందని కంగారు పడి రెన్యువల్‌కు పైసలు కట్టించకు. చాలాసార్లు లైసెన్స్ ఉన్న కంప్యూటర్ దానికి కనబడటం లేదు, అంతే. సర్వర్ నిద్రలోకి పోయిందేమో చూడు. ఫైర్‌వాల్‌లో 9999 పోర్టు తెరిచి ఉందో లేదో చూడు, దాన్ని మార్చి పెట్టుకుని ఉంటే వాళ్లు పెట్టిన నంబరు చూడు. అట్లని ఫైర్‌వాల్ మొత్తం ఆపేసి "అయిపోయింది మేడమ్" అని చెప్పి పోయేవాళ్లలో నువ్వు చేరకు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. యాసంగి వడ్లు దిగుతున్న రోజులు, ట్రాక్టర్లు మిల్లు గేటు దాటి రోడ్డు మీద దాకా నిలబడ్డాయి, పొద్దున్నే కాంటా గది కంప్యూటర్‌కు ఆఫీసు డేటా అందడం ఆగిపోయింది. రైతులు అరుస్తున్నారు, హమాలీలు ఖాళీగా కూర్చున్నారు. అప్పట్లో మాకు కంప్యూటర్లు చూసే పిల్లవాడు ఒకడుండేవాడు, తెలివిగలవాడే. వాడేం చేశాడంటే, ఆఫీసులోని డేటా ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి కాంటా కంప్యూటర్‌లో పెట్టి "ఇక్కడ ఇది కొట్టుకోండి, సాయంత్రం కలిపేస్తా" అన్నాడు. పని నడిచింది. సేటు వాడి భుజం తట్టాడు. కాంటా దగ్గర వడ్ల తూకాలు ఆ కాపీలో పడుతున్నాయి, ఆఫీసులో మేం రైతులకు ఇచ్చిన చెక్కులు, హమాలీ కూలి, లారీ కిరాయిలు అసలు దాంట్లో కొడుతున్నాం. ఒకే వోచర్ నంబర్లు రెండు చోట్ల వేర్వేరు పేర్ల మీద పుడుతున్నాయి, ఎవరికీ పట్టలేదు.

రాత్రి అందరూ పోయినంక కలపడమంటే వాడికి తెలిసింది ఒక్కటే, కాంటా ఫోల్డర్ తెచ్చి ఆఫీసు ఫోల్డర్ మీద పేస్ట్ చేయడం. రీప్లేస్ చేయమంటావా అని అడిగితే ఎస్ కొట్టాడు. మేం పగలంతా కొట్టింది మొత్తం పోయింది. ముందు బ్యాకప్ తీసుకోలేదు. తెల్లారి ఒక రైతు చెక్కు చేతిలో పట్టుకుని వచ్చాడు, అది ఇచ్చినట్టు మా పుస్తకంలో లేదు. ఇంకొకాయనకు ఇచ్చేసిన పైసలు ఇంకా బాకీ అని చూపిస్తోంది. నువ్వు చూడలేదు కానీ, రెక్కల కష్టం అమ్ముకోవడానికి వచ్చిన మనిషి ముందు "కంప్యూటర్‌లో లేదు" అనడం ఎంత సిగ్గో. చెక్కుబుక్కుల కౌంటర్‌ఫాయిళ్లు, కాంటా చీటీలు, లారీ రసీదులు పరుపులా పరుచుకుని రాత్రుళ్లు కూర్చుని మళ్లీ కొట్టాం. అప్పుడు నువ్వు పసిపిల్లవి, ఒకరోజు మీ అమ్మ నిన్ను ఎత్తుకుని అన్నం క్యారియర్‌తో ఆఫీసుకే వచ్చింది, నువ్వు కాంటా చీటీ ఒకటి నోట్లో పెట్టుకున్నావు. నీ నోట్లోంచి తీసిన ఆ చీటీ కూడా ఎక్కించాను.

ఇంతకీ అసలు తంటా ఏంటో తెలుసా, కాంటా గదిలో దేవుడి పటం వెనక పెట్టిన చిన్న స్విచ్ అడాప్టర్ లూజైంది. అందుకే చెబుతున్నా, నెట్‌వర్క్ గంటసేపు ఆగితే ఆగనీ. తూకాలు చీటీల మీద చేత్తో రాయించు, తర్వాత కొట్టించు. చిట్టా ఆవర్జా చేత్తో రాసిన కాలంలో మిల్లులు నడవలేదా? డేటా రెండు చోట్ల పుట్టనీయకు. సేటు తిట్టినా, మీద పడి అరిచినా. నిజంగానే రెండు చోట్ల కొట్టాల్సి వస్తే ఎంట్రీలను ఎక్స్‌పోర్ట్ చేసి ఇంపోర్ట్ చేసే దారి ఉంది, నంబర్లు ఎట్ల వేయాలో ముందే అనుకుని చెయ్యి, ఫోల్డర్ మీద ఫోల్డర్ మాత్రం వద్దు. ట్యాలీలో డేటా రిపేర్ కొట్టే ముందు కూడా బ్యాకప్ తీసి ఇంకో డ్రైవ్‌లో పెట్టు.

కంప్యూటర్లన్నిటికీ యూపీఎస్ పెడతారు, స్విచ్‌ను మాత్రం మామూలు ప్లగ్గుకు గుచ్చుతారు. కరెంటు ఒక్క క్షణం పోయొస్తే కంప్యూటర్లు బాగానే ఉంటాయి, స్విచ్ ఆగి లేస్తుంది, ఎంట్రీ నడుమ ట్యాలీ బిగుసుకుంటుంది. పెద్ద మోటారు స్టార్ట్ చేసినప్పుడల్లా ట్యాలీ ఆగుతోందంటే మొదట ఇది చూడు. డేటాతో పనిచేసే కంప్యూటర్లకు వైఫై వద్దు, కేబులే వేయి. సర్వర్‌కు అడ్రస్ మారకుండా కట్టేయి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేని షేర్ ఫోల్డర్‌ను చాలాసార్లు తెరవనివ్వదు. దాన్ని వంచే చిట్కాలు వెతక్కుండా సర్వర్‌లో ఒక యూజర్‌ను పాస్‌వర్డ్‌తో పెట్టి ఇవ్వు. ఏ వైరు ఎక్కడికి పోతుందో కాగితం మీద గీసి స్విచ్ డబ్బా లోపల అతికించు. తౌడు దుమ్ము నెలకోసారి తుడిపించు, ఎలుకలు కొరికిన వైరుకు టేపు చుట్టి సరిపెట్టకు, మొత్తం మార్చు.

పైసల సంగతి. నెలకు ఇంత అని కాగితం రాయించుకో, రాత్రి పిలిస్తే వేరే అని అందులోనే రాయి. సేట్లు మంచివాళ్లే, కానీ సీజన్ అయిపోగానే "వచ్చే నెల చూద్దాం బిడ్డా" అంటారు, వాళ్ల చెక్కులు నేనే రాశాను కాబట్టి నాకు తెలుసు. రాత్రి పోవాల్సి వస్తే ఏ మిల్లుకో నాకు మెసేజ్ పెట్టి పో, మీ అమ్మకు పెట్టకు, ఆమె ఊరంతా లేపుతుంది. ఆదివారం నల్లగొండ వస్తావు కదా, కేబుల్ కొనలు బిగించే క్రింపింగ్ టూల్ సంచిలో వేసుకురా. మా పైగదికి వైఫై రావడం లేదు, మీ పెదనాన్న రోజూ నన్నే తిడుతున్నాడు.

– పెద్దమ్మ