విశాఖలో ఒక్కరోజు: కారుతో పాటు గైడ్ కూడా అవసరమా?

హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలతో వెళ్తున్నామని, విశాఖలో చేతిలో ఉన్నది ఒక్క మంగళవారమేనని, అమ్మగారికి మోకాళ్ల నొప్పులని రాశారు. ట్రావెల్స్ వాళ్లు కారుతో పాటు గైడ్‌ని కూడా ఇస్తామంటున్నారు, అది దండగ ఖర్చా అని అడిగారు. పోయిన చలికాలం నేను కూడా వరంగల్ నుంచి మా అమ్మానాన్నలను తీసుకుని వెళ్లాను కాబట్టి చెబుతున్నాను. గైడ్‌ని తీసుకోండి, కానీ ఒక్క పూటకే చాలు. ఆ పూటంతా హార్బర్ వైపు, పాత ఊళ్లో తిరగండి. బీచ్ రోడ్డు చూడటానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

ట్రావెల్స్ వాళ్లు పంపే లిస్టు దాదాపు ఒకేలా ఉంటుంది: కైలాసగిరి, సబ్‌మెరైన్, రుషికొండ, తొట్లకొండ, భీమిలి. అన్నీ ఉత్తరం వైపు, ఒకే రోడ్డు మీద, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అన్నిచోట్లా బోర్డులు ఉంటాయి. అక్కడ గైడ్ చేసేది టికెట్ తీసుకురావడం, ఫోటో తీయడం. ఊరు పుట్టడానికి, పెరగడానికి కారణమైన హార్బర్ మాత్రం ఆ లిస్టులో ఉండదు. అక్కడే చెప్పే మనిషి కావాలి. చెప్పేవాళ్లు లేకపోతే మనకు కనిపించేవి క్రేన్లు, గోడలు, లారీలు మాత్రమే.

మాకు దొరికిన గైడ్ పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన. హోటల్ రిసెప్షన్‌లో అడిగితే చెప్పారు. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి, "హార్బర్ వైపు ఏమేం చూపిస్తారండీ?" అని ఒక్కటే అడిగాను. ఆయన పావుగంట మాట్లాడారు. అంతకుముందు ఇంకొకరిని అదే అడిగితే, "అక్కడ చూడటానికి ఏముంటుంది సార్, కైలాసగిరి పోదాం" అన్నారు. మీరు కూడా ఈ ప్రశ్న అడిగి చూడండి, మనిషి ఎవరో తెలిసిపోతుంది.

పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌తో మొదలుపెట్టాం. ఆలస్యంగా వెళ్తే అక్కడ పెద్దగా ఏమీ ఉండదు. తెల్లవారేసరికి బోట్లు వచ్చేస్తాయి, ఒడ్డున టబ్బుల కొద్దీ చేపలు పోసి వేలం పాడేస్తుంటారు. కోనాం, చందువ, రొయ్యలు, పీతలు, కొన్నిసార్లు మనిషంత పొడవున్న చేపలు. పాట పాడేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. కొన్న సరుకుని ఐస్ వేసి సర్దేది కూడా ఎక్కువగా వాళ్లే. నేల అంతా తడి, జారుతుంది. అమ్మ కారులోంచే చూస్తానంది, అదే మంచిదైంది. మీ అమ్మగారిని కూడా దింపకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మెకనైజ్డ్ బోట్ల వేటకి నిషేధం, ఆ రెండు నెలల్లో వెళ్తే ఈ సందడి ఉండదు, బోట్లు వరుసగా కట్టేసి ఉంటాయి. ఇంకోటి, ఆర్కే బీచ్ దగ్గర రోడ్డు మీద పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్ల కోసం బండ్లు ఆపేస్తారు. మీ హోటల్ అటువైపైతే డ్రైవర్‌తో దారి గురించి ముందే మాట్లాడుకోండి.

అక్కడి నుంచి పాత ఊళ్లోకి. హార్బర్‌లోకి ఓడలు వచ్చే కాలువ పక్కన మూడు గుట్టలు ఆనుకుని ఉంటాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇస్హాక్ మదీనా బాబా దర్గా, మూడోదాని మీద మరియమాత చర్చి. చర్చి ఉన్నదాన్ని రాస్ హిల్ అంటారు. రాస్ అనే ఆయన 1864లో అక్కడ కట్టుకున్న ఇల్లే తర్వాత ప్రార్థనా మందిరం అయింది. మేము రాస్ హిల్‌కే వెళ్లాం. అమ్మ మెట్లు ఎక్కలేదని ముందే చెప్పడంతో, కారు ఎంతవరకు పోతే అంతవరకు తీసుకెళ్లారు.

ఈ మొత్తం ట్రిప్పులో నాకు బాగా నచ్చింది ఆ గుట్ట మీద గడిపిన సమయమే. ఎదురుగా సముద్రంలోకి చొచ్చుకుపోయిన యారాడ కొండ. డాల్ఫిన్ నోస్ అంటారే, అదే. ఆ కొండకీ మనం నిలబడ్డ గుట్టకీ మధ్య సన్నటి కాలువ. బయట లంగరేసిన ఓడ ఇందులోంచే లోపలికి రావాలి. ఓడ కెప్టెన్ ఎంత అనుభవజ్ఞుడైనా సొంతంగా లోపలికి తెచ్చుకోవడానికి వీల్లేదట. పోర్టు పైలట్ సముద్రంలోకే వెళ్లి ఓడెక్కి, టగ్గుల (ఓడల్ని లాగే చిన్న పడవల) సాయంతో లాక్కొస్తారు. మేం ఉన్నప్పుడే ఒక సరుకు ఓడ వచ్చింది. డెక్ మీద మనుషులు కనిపించేంత దగ్గరగా, చప్పుడే లేకుండా జరిగింది. నాన్న మాట్లాడకుండా అది మలుపు తిరిగేదాకా చూశారు.

ఇక్కడే గైడ్ చెప్పినవి రాస్తాను, ఎందుకంటే మనం వెళ్లే చాలా చోట్లకి ఇవే మూలం. 1933కి ముందు విశాఖలో ఓడ ఒడ్డుకి వచ్చేది కాదు. దూరంగా సముద్రంలో ఆగేది, మసూలా అనే కుట్టు పడవల్లో అలల మీదుగా సరుకు మోసేవాళ్లు. ఇప్పుడు క్రేన్లు ఉన్నచోట మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే ఉప్పుటేరు, బురద నేల. మధ్య పరగణాల (ఇప్పటి మధ్యప్రదేశ్ వైపు) మాంగనీసు ఖనిజాన్ని బయటికి పంపడానికి రేవు కావాల్సి వచ్చి, ఆ బురదని తవ్వి లోపలి హార్బర్ చేశారు. పని బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ద్వారా నడిచింది. రాయ్‌పూర్ నుంచి విజయనగరం వైపు రైలు మార్గం 1931కి పూర్తయింది, 1933 అక్టోబర్‌లో మొదటి ఓడ జలదుర్గ వచ్చింది, డిసెంబర్ 19న వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు.

మా నాన్న కాజీపేటలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. రైల్వే మాట రాగానే ఇద్దరూ కలిసిపోయారు. "అంటే రైలు లేకుంటే రేవు లేదన్నట్టే కదండీ" అన్నారు నాన్న. "రేవు లేకపోతే ఆ రైలూ లేదండి బాబు" అన్నారాయన. 1960లలో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస-కిరండోల్ లైను, ఆ ఖనిజాన్ని జపాన్‌కి తీసుకెళ్లే పెద్ద ఓడల కోసం 1970లలో కట్టిన బయటి హార్బర్, అన్నీ ఒక వరుసలో చెప్పారు. అరకు వెళ్లే రైలు నడిచేది ఆ లైను మీదే. మీ నాన్నగారికి ఏ విషయం మీద ఆసక్తో గైడ్‌కి ముందే చెబితే కథ అటువైపు నుంచి మొదలుపెడతారు.

ఇసుక సంగతి నాకు అసలు తెలియదు. ఈ తీరంలో అలలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. కాలువ తవ్విన చోట ఆ ఇసుక దిగి పూడిపోతుంది. అందుకని మొదట్లో రెండు పాత ఓడలను కావాలని ముంచి, వాటి చుట్టూ రాళ్లు పోసి అడ్డుకట్ట కట్టారు. అడ్డుకట్ట వస్తే ఇసుక దక్షిణం వైపే ఆగిపోతుంది, ఉత్తరాన ఉన్న బీచ్‌కి అందదు, అక్కడ సముద్రం ఒడ్డుని కోసేస్తుంది. పోర్టు వాళ్లు ఆగిన ఇసుకని తవ్వి బీచ్ వైపు పోస్తుంటారు. సాయంత్రం ఆర్కే బీచ్‌లో మనం నడిచే ఇసుకలో కొంత అలా వచ్చిందే. ఇది విన్నాక బీచ్‌ని చూసే చూపే మారిపోయింది నాకు.

యుద్ధాల సంగతి కూడా అక్కడి నుంచే చెప్పించుకోండి, సముద్రం ఎదురుగా కనిపిస్తుంటే బాగా అర్థమవుతుంది. 1804 సెప్టెంబర్‌లో ఇంగ్లిష్ ఓడ సెంచూరియన్ మీద ఫ్రెంచి ఓడలు ఈ రేవు ముందే దాడి చేశాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు హార్బర్ మీద బాంబులు వేశాయి. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ ఊరి ముందే మునిగిపోయింది. బీచ్ రోడ్డులో ఉన్న యుద్ధ స్మారకం ఆ 1971 యుద్ధానిదే. సింధియా దగ్గరి షిప్‌యార్డ్ లోపలికి మనల్ని పోనివ్వరు, కానీ 1948 మార్చి 14న నెహ్రూ వచ్చి జల ఉష అనే ఓడని నీళ్లలోకి దింపింది అక్కడే అని తెలిస్తే ఆ గేటు ముందు నుంచి కారు పోతున్నప్పుడు కూడా గుండె ఉప్పొంగుతుంది. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

ఒక జాగ్రత్త. పోర్టు, నేవీ గోడల దగ్గర ఫోటోలు తీయకండి. అందరూ ఆధార్ కార్డులు దగ్గర ఉంచుకోండి. యారాడ కొండ మీది లైట్‌హౌస్, అవతల యారాడ బీచ్ అందమైనవే, కానీ ఆ చుట్టుదారికి చాలా సమయం పడుతుంది. పెద్దవాళ్లతో ఒక్కరోజులో వద్దు.

గుట్ట దిగాక బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి. అమ్మకి రోజంతటిలో ఇదే తృప్తి. అమ్మవారికి పైకప్పు ఉండదు, ఆకాశం కిందే కొలువు. పూజారి చేతి మీదుగా కాకుండా భక్తులే స్వయంగా అమ్మవారికి పసుపు కుంకుమలు సమర్పించుకోవచ్చు. మార్గశిర గురువారాల్లో ఇసకేస్తే రాలనంత జనం. మంగళవారం మీకు ఫర్వాలేదు. ఇక్కడి సందులు ఇరుకు, పెద్ద కారు తిరగదు, డ్రైవర్‌కి ఎక్కడ ఆపాలో తెలిసి ఉండాలి. పక్కనే కురుపాం మార్కెట్, పాత టౌన్ హాల్ ఉన్నాయి. కారులోంచి చూస్తే చాలు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర గైడ్‌ని పంపించేయండి. ఆ మాట ముందే ఒప్పందంలో ఉండాలి, లేకపోతే పూర్తి రోజు డబ్బు అడుగుతారు. మేం ఆయన్ని కూడా మాతోనే భోజనానికి కూర్చోబెట్టుకున్నాం. నాన్నా ఆయనా ఇప్పటికీ ఫోన్లో మాట్లాడుకుంటారు.

మధ్యాహ్నం నుంచి మీ ఇష్టం. సబ్‌మెరైన్ కురుసురా సోమవారం మూసేస్తారు, మంగళవారం ఉంటుంది, ఎక్కువ రోజుల్లో మధ్యాహ్నం తర్వాతే తెరుస్తారు. 1969లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చి, 2001 దాకా పనిచేసి, 2002లో మ్యూజియం అయింది. లోపల వివరించేది రిటైరైన నేవీ వాళ్లే, బయటి గైడ్‌తో పనిలేదు. కానీ ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతలోంచి వంగి, కాలెత్తి దాటాలి. మీ అమ్మగారికి చాలా కష్టం. మీరూ నాన్నగారూ లోపలికి వెళ్తే, ఆవిడ ఎదురుగా బీచ్ గోడ మీద కూర్చుని సముద్రం చూస్తారు. అదే రోడ్డులో విశాఖ మ్యూజియంలో జపాన్ వాళ్లు వేసిన పేలని బాంబు ఉంది, పొద్దున విన్న కథ గుర్తొస్తుంది.

భీమిలి రోడ్డు బాగుంటుంది, పాతిక కిలోమీటర్ల పైచిలుకు, కుడివైపు సముద్రం. అమ్మగారిని కుడివైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. తొట్లకొండ బౌద్ధ స్థలానికి కారులో పైకి వెళ్లొచ్చు. ఎర్రమట్టి దిబ్బలు నడిస్తేనే అందం, కాబట్టి మీరు దూరం నుంచి చూసి వచ్చేయండి. భీమిలిలో డచ్చి వాళ్ల సమాధులు ఉన్నాయి. ఓపిక తగ్గితే రుషికొండ దగ్గరే వెనక్కి తిరిగినా నష్టం లేదు. సింహాచలం మాత్రం ఇదే రోజులో ఇరికించకండి. అది ఊరికి ఇంకో వైపు, క్యూ ఎంతసేపో చెప్పలేం. దర్శనం కావాలంటే మర్నాడు బండి ఎక్కేముందు తెల్లవారుజామునే పెట్టుకోండి.

ఇక డబ్బు సంగతి. సాధారణంగా ఎనిమిది గంటలు, 80 కిలోమీటర్లు అని మాట్లాడతారు. కిలోమీటర్లు మీ హోటల్ నుంచి లెక్కా, వాళ్ల గ్యారేజ్ నుంచి లెక్కా అడగండి. గ్యారేజ్ నుంచైతే భీమిలి వెళ్లొచ్చేసరికి 80 దాటిపోవచ్చు. డ్రైవర్ బత్తా, పార్కింగ్, అదనపు గంటకి ఎంత, అన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. మా డ్రైవర్ మధ్యలో జీడిపప్పు షాపు దగ్గర, తర్వాత చీరల షాపు దగ్గర అడక్కుండానే ఆపాడు. షాపు వాళ్లు అతనికి కమిషన్ ఇస్తారు. అలసిపోయిన అమ్మ మాకోసం మొహమాటపడి దిగింది, అది చూసి బాధేసింది. "షాపింగ్ స్టాపులు వద్దు" అని ఎక్కేముందే గట్టిగా చెప్పండి. మాడుగుల హల్వా కావాలంటే మీరే అడిగి కొనుక్కోండి.

గైడ్‌కి విడిగా డబ్బు ఇవ్వాలా అనేది కూడా ముందే తేల్చుకోండి. ట్రావెల్స్ వాళ్ల ద్వారా వస్తే వాళ్ల రేటులో ఆయనకి అందేది తక్కువ. మీకు నచ్చితే చేతికి కొంత ఇవ్వండి, తీసుకుంటారు. అసలు మనిషి ఎవరో, ఎక్కడ పనిచేశారో, నెంబరు ఏమిటో ముందురోజే అడగండి. ట్రావెల్స్ వాళ్లు ఎవరు దొరికితే వాళ్లను పంపుతామంటే గైడ్ వద్దని చెప్పి కారు మాత్రం తీసుకుని, గైడ్‌ని హోటల్లో అడిగి మీరే మాట్లాడుకోండి.